గోంగూర ఇక్కడ దొరకదని ఎవరన్నారు?



ఉగాది బండి గురించి గ్రూపులో వారం రోజులుగా చర్చ నడుస్తోంది. ఎప్పటిలాగే గుంటూరు నుంచి సామాన్లు తెప్పిద్దామని కొందరు, కిరాయి పెరిగింది కాబట్టి ఇంటికింతని ముందే వసూలు చేయాలని కొందరు రాశారు. మేము పోయినేడాది జాబితా తీసి చూశాం. గోంగూర, చుక్కకూర, కరివేపాకు, వేపపువ్వు, అల్లం, అవిసె గింజలు, గుంటూరు కారం, పప్పునూనె, ఆవకాయకి మామిడికాయలు. చదువుతుంటే నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. అల్లం పండే బీదర్ జిల్లాలో కూర్చుని గుంటూరు నుంచి అల్లం తెప్పించుకున్నాం!

మా మాట ముందే చెప్పేస్తాం. ఆ జాబితాలో సగం పైగా కొట్టేయాలి. డబ్బు మిగులుతుందని మాత్రమే కాదు. ఆ బండి వస్తున్నంతకాలం మనం ఈ ఊళ్ళో అద్దెకున్నట్టే ఉంటాం.

ఈ మాట అనే అర్హత మాకు పెద్దగా లేదు. ఉద్యోగరీత్యా తెనాలి వైపు నుంచి ఇక్కడికొచ్చిన కొత్తలో మేమూ అంతే. రెండేళ్ళపాటు గోంగూర ఊరి నుంచి బస్సులో వచ్చేది. తడిగుడ్డలో చుట్టి పంపినా ఇక్కడికి చేరేసరికి సగం నల్లబడేది. బజారులో అడగలేదా అంటే అడిగాం. "గోంగూర ఉందా?" అంటే అందరూ తల అడ్డంగా ఊపారు. సరే, బీదర్‌లో గోంగూర లేదని తీర్మానించేశాం.

ఒక వానాకాలం పొద్దున గాంధీగంజ్ దగ్గర ఒకావిడ గోనెపట్టా మీద ఆకుకూరలు పరుచుకుని కూర్చుంది. ఎర్ర కాడలు, వేళ్ళలాగా చీలిన ఆకులు. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంటే పులుపు. "ఇదేంటమ్మా?" అంటే "పుండి పల్లె" అంది. పల్లె అంటే ఇక్కడ ఊరు కాదు, ఆకుకూర. ఎన్నాళ్ళుగా అమ్ముతున్నావంటే, పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ అంది. అంటే ఆ రెండేళ్ళూ మేము ఆ గోనెపట్టా పక్కనుంచే నడిచివెళ్ళాం. ఆకు ఉంది. మాకు పేరు తెలియదు, అంతే.

పుండి అంటే మనకు తెలియని మాటా? తెలంగాణలో గోంగూరను పుంటికూర అంటారు. పుంటి, పుండి ఒకటే. మరాఠీ వాళ్ళకది అంబాడి, మన ముస్లిం ఇరుగుపొరుగు ఇళ్ళలో అంబాడా. ఒక్క ఆకుకి ఈ ఊళ్ళో ఇన్ని పేర్లు ఎందుకున్నాయో చరిత్ర చెబుతుంది. 1956 నవంబరు 1 దాకా బీదర్ హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఆ రోజున జిల్లాను మూడుగా పంచారు. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళింది. ఉద్గీర్ వైపు అప్పటి బొంబాయి రాష్ట్రానికి, మిగిలింది మైసూరుకి. హద్దు గీసినప్పుడు మనుషులు మూడు రాష్ట్రాలయ్యారు గానీ, చేలో మొక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మిగతా జాబితా కూడా ఇలాగే చూడండి. కరివేపాకు ఇక్కడ కరిబేవు. కరి అంటే నలుపు, బేవు అంటే వేప. మన మాటకీ అర్థం అదే! కొత్తిమీర కొత్తంబరి, మెంతులు మెంతె, జీలకర్ర జీరిగె, ఇంగువ ఇంగు. చుక్కకూర కావాలంటే హుళిచిక్కి అని అడగండి. అవిసె గింజలకి అగసి అనాలి. అగసి చట్నీ పొడి ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, మనం చేసుకునే అవిసె పొడికి తోబుట్టువు. వేపపువ్వు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. కన్నడిగులు కూడా అదే ఉగాది నాడు బేవు-బెల్ల తింటారు. మన కాలనీ గేటు పక్క వేపచెట్టు పూత రాలుస్తుంటే, మనం ప్యాకెట్టు విప్పి పచ్చడిలో వేస్తున్నాం.

గంట ప్రయాణంలో ఉన్న జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌ని చూడండి. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళలు, ఎక్కువమంది దళిత రైతులు, దశాబ్దాలుగా పాత పంటల విత్తనాలను ఊరూరా కాపాడుతున్నారు. ఎవరూ విత్తకుండానే చేలో మొలిచే ఆకుకూరలకీ వాళ్ళ దగ్గర పేరుంది, వండే పద్ధతి ఉంది. 2019లో వాళ్ళకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ప్రపంచం గుర్తించిన ఆకుకూరల జ్ఞానం మన పక్క ఊళ్ళో ఉంటే, మన చూపు మాత్రం గుంటూరు దాటి రావడం లేదు.

"అన్నీ ఒకటే అంటే ఎలా? రుచి వేరు కదా" అని ఒక పెద్దాయన అన్నారు. నిజమే, కాదనం. ఒకసారి మేము బ్యాడగి మిరపకాయలతో ఆవకాయ పెట్టాం. రంగు చూస్తే కళ్ళు చెదిరాయి, తింటే చప్పగా ఉంది. బ్యాడగికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. గుంటూరు కారం చేసే పని అది చేయదు. ఆవకాయ కాయ కూడా అంతే, పులుపూ పీచూ ఉన్న గట్టి కాయే కావాలి. అవి తెప్పించుకుందాం, తప్పులేదు. నిజంగా ఇక్కడ లేనివాటికే బండి కట్టిద్దాం.

విదేశాల్లో ఉన్న మన పిల్లల్ని తలుచుకుంటే మన అదృష్టం తెలుస్తుంది. అమెరికాకి పచ్చి కరివేపాకు తీసుకెళ్ళనివ్వరు. కరివేప నిమ్మజాతి కుటుంబపు మొక్క. నిమ్మ, నారింజ తోటల్ని చంపే తెగులును మోసే పురుగు దాని మీదా బతుకుతుంది. అందుకే విమానాశ్రయంలో సంచి విప్పించి తీసేస్తారు. అక్కడి పిల్లలు కుండీలో ఒక్క మొక్క పెంచి, చలికాలం ఇంట్లోకి మోసుకొచ్చి, ఆకులు లెక్కపెట్టుకుని వాడతారు. వెనకటి రోజుల్లో రంగూన్ వెళ్ళిన మనవాళ్ళకి వేరే అనుభవం. బర్మా వాళ్ళకి పుల్లాకు రోజువారీ కూర, పేరు చిన్‌బౌంగ్. అదీ గోంగూర జాతే. పరాయి దేశంలో కూడా ఆకు ఎదురుచూస్తూ ఉంది, పేరు నేర్చుకోవడమే వీళ్ళ వంతు.

ఇక మా ఇంటి సంగతి ఒకటి. నాన్నగారు పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చింది. కన్నడం రాదు, బయటికి రాదు, సరిగ్గా తినదు. ఒకరోజు బలవంతాన గాంధీగంజ్ తీసుకెళ్ళాం. పుండి పల్లె అమ్మే ఆవిడా అమ్మా గోంగూర ఎలా వండాలన్న దాని మీద అరగంట వాదించుకున్నారు. ఈవిడ తెలుగు, ఆవిడ కన్నడం. ఆవిడ కందిపప్పు, జొన్న నూక వేసి వెల్లుల్లి పోపు పెట్టమంటుంది, అమ్మ శనగపప్పు, పచ్చిమిర్చి చాలంటుంది. మర్నాడు అమ్మ తనే సంచీ పట్టుకుంది. ఆ తర్వాత అమ్మ కాలు విరిగి మంచాన ఉంటే, ఆవిడ మా అబ్బాయి చేతికి రెండు కట్టలిచ్చి డబ్బులు వద్దంది. గుంటూరు నుంచి ఏ బండీ ఇది తేలేదు.

అందుకని కార్యవర్గానికి మా విన్నపం ఇది. జాబితాని రెండుగా విడగొట్టండి. కారం, ఆవకాయ సరంజామా బండిలో రానివ్వండి, మిగతావి ఇక్కడే కొందాం. మన పిల్లలకి తెలుగు రాయడం తగ్గింది, కన్నడం బడిలో బాగా వచ్చింది. ఆకుకూరల, దినుసుల పేర్లు రెండు భాషల్లోనూ వాళ్ళచేతే రాయించి ఇంటింటికీ ఇద్దాం. తొలకరికి గోంగూర గింజలు పంచుదాం, కుండీలో అయినా వస్తుంది. మిగిలిన కిరాయి డబ్బుతో ఉగాది నాడు కాలనీలోని కన్నడ కుటుంబాల్ని భోజనానికి పిలుద్దాం. ఎళ్ళ అమావాస్యకి వాళ్ళ చేలోకి పిలిచి భజ్జి, రొట్టె పెట్టిన వాళ్ళని మనం తిరిగి ఒక్కసారైనా పిలిచామా?

దీనికి ఒప్పుకోనివాళ్ళు తప్పకుండా రాయండి. కాకపోతే రాసేముందు ఒక్కసారి గాంధీగంజ్ వెళ్ళి, "పుండి పల్లె ఉందా అమ్మా?" అని అడిగి వచ్చి రాయండి.