అద్దం అదే, చెయ్యి అదే, రేటు ఎందుకు తక్కువ?



మొన్న శుక్రవారం మా రూముకు ఒక తమ్ముడు వచ్చిండు. మా జగిత్యాల దిక్కు పిలగాడే. ఆజాద్ వీజా మీద వచ్చి ఏడాదిన్నర అయింది. ఇండ్లల్ల కిటికీ అద్దాలు తుడిచే పని సొంతంగ పట్టుకొని చేసుకుంటుండు. అన్నం తిన్నంక మెల్లగ అడిగిండు: "అన్నా, ఒక రోజు రెండిండ్లు దొరుకుతయి, ఒక రోజు ఒక్కటే. నెల తిరిగేసరికి చేతుల ఏం ఉంటలేదు. రేటు ఇంకింత తగ్గిస్తే గిరాకీ పెరుగుతదా?"

ఆనాడు నేను చెప్పింది సగమే. రూముల పదిమంది ఉన్నరు, ముచ్చట పక్కకు పోయింది. మిగిలిన సగం ఇక్కడ రాస్తున్న. ఎందుకంటే ఇది వానొక్కని ప్రశ్న కాదు. వైపరు, బకెటు పట్టుకొని సిత్తీన్ రోడ్డు మీద తిరిగే మనోళ్లందరి ప్రశ్న ఇదే.

నేను ఈ పని ఇదే మలాజ్‌ల ఆరేండ్లు చేసిన, 2012 నుంచి 2018 దాకా. వీజా కాగితం మీద నేను ఇంటి పనిమనిషిని, ఆమిల్ మంజిలి. కఫీల్ ఇంటి గడప నేను రెండు సార్లే చూసిన. నెలకు 300 రియాల్ ఇస్తే "పో, ఎక్కడన్న చేసుకో" అన్నడు. ఊర్లె వీజా కొనేటప్పుడు ఏజెంటు ఇదే గొప్పగ చెప్పిండు, నీకు నువ్వే సేటువు అని.

సేటు లెక్క చెప్తా వినుండ్రి. మంచిగ నడిచిన నెలల నాకు 2,100 రియాల్ దాకా వచ్చేది. అందుల కఫీల్‌కు 300, మంచం కిరాయి 250, తిండికి 350, ఫోనుకు 60, ఇకామా ఏడాదికి 600 అంటే నెలకు 50, సబ్బు, గుడ్డలు, రబ్బరు 40, ట్యాక్సీలకు 150. కూడితే 1,200. మిగిలింది 900. అదే కాలంల కంపెనీల క్లీనర్‌గ ఉన్న మా బామ్మర్దికి జీతం, తిండి పైసలు కలిసి 1,000. రూము కంపెనీదే. తిండి, ఫోను పోను వానికి 640 మిగిలేది. అంటే నేను సేటునై సంపాదించిన ఎక్కువ 260 రియాల్. చెకింగులు గట్టిగ ఉన్న నెలల రెండు వారాలు రూముల కూసుంటే ఆ 260 పోయి, ఎదురు అప్పు అయ్యేది.

ఈ లెక్క నేను మొదటి రెండేండ్లు రాసుకోలేదు. చేతికొచ్చిన 2,100 చూసి సంబరపడ్డ. ఊరికి ఫోన్ చేసి "నెలకు రెండు వేలు వస్తున్నయి" అని చెప్పిన. మన ఆజాద్ వీజా ముచ్చట్లన్నీ ఇట్లనే ఊర్లకు పోతయి. వచ్చింది చెప్తం, మిగిలింది చెప్పం.

ఇగ పని సంగతికి వస్తా. మూడో ఏడు నేను ఒక చిన్న నోటుబుక్కు పెట్టిన. ఎన్ని గంటలకు రూము నుంచి ఎల్లిన, ఎన్ని గంటలు అద్దం మీద చెయ్యి పెట్టిన, రాసుకున్న. పది గంటలు బయట ఉంటే వైపరు పట్టింది నాలుగు గంటలే. మిగిలిందంత నడక, బస్సు కోసం ఎదురుచూపు, హారిస్ గేటు తీసేదాక నిలబడుడు, మేడం ఫోన్ ఎత్తేదాక కూసునుడు. ఒకనాడు నసీమ్‌ల, ఒకనాడు ఉలయ్యల, ఒకనాడు బత్హా అవతల. పైసలు అద్దం మీద వస్తున్నయి, రోడ్డు మీద పోతున్నయి.

దూరం ఇండ్లన్నీ ఇడిసిపెట్టిన. సిత్తీన్ రోడ్డు నుంచి జరీర్ రోడ్డు దాకా, నడిచి పోయేంత దూరంలనే పని అని గీత గీసుకున్న. మలాజ్ ఈ పనికి మంచి జాగ. 1950లల్ల మంత్రిత్వ శాఖలు జిద్దా నుంచి రియాద్‌కు మారినప్పుడు సర్కారు ఉద్యోగుల కోసం కట్టిన పేట ఇది. అందుకే వీధులు తిన్నగ ఉంటయి, పాత విల్లాలు, వాటి నడుమ ఫ్లాట్ల బిల్డింగులు, కింద దుకాణాలు దగ్గర దగ్గర ఉంటయి. ఒక బిల్డింగుల ఒక ఇల్లు మంచిగ చేస్తే పై అంతస్తు వాళ్లు పిలుస్తరు. మెట్లెక్కితే సరిపాయె, ట్యాక్సీ అక్కర లేదు.

దుకాణాలను పట్టుడు ఇంకా మంచిగ పనిచేసింది. మంగలి షాపు, మొబైల్ షాపు, ఫార్మసీ, స్వీటు దుకాణం. వారానికి రెండు సార్లు ముందటి అద్దం, తలుపు అద్దం తుడిస్తే నెలకు 60 రియాల్. ఒక్క దుకాణానికి ఇరవై నిమిషాలు. పన్నెండు దుకాణాలు అయినయి, 720 రియాల్ ప్రతి నెల ఒకటో తారీఖున వచ్చేటియి. ఇండ్ల పని ఉన్నా లేకున్నా కిరాయి, తిండి ఎల్లిపోయేది. ఆ ధైర్యం వచ్చినంక, 40కి ఇల్లు చేయమంటే కుదరదు అని చెప్పే నోరు వచ్చింది.

పని నేర్పు గురించి కూడ ఒక మాట. మనోళ్లు చానామంది అద్దం మీద నేరుగ నీళ్లు కొడ్తరు. రియాద్ దుమ్ములు గట్టియి, తుఫాను వచ్చిపోయినంక అద్దం మీద ఉన్నది ఉసికె. తడిపి రుద్దితే గీతలు పడ్తయి, ఆ గీత నీ లెక్కల రాస్తరు. ముందుగల పొడి బ్రష్షుతో దులుపాలె. బకెటు నీళ్లల్ల గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలే, ఎక్కువైతే చారలు. నీళ్ల తెల్ల మరకలకు ఖల్, అంటే మన సిర్కా, సగం నీళ్లు కలిపి గుడ్డతోని అద్దం మీదనే పెట్టాలె, పాలరాతి గడప మీద పడితే రాయి పాడైతది. వైపరు రబ్బరు అంచు మొద్దుబారితే మార్చాలె. అన్నిటికంటె ముఖ్యం, ఎండ పడ్డ అద్దం ముట్టొద్దు. సబ్బు ఆరిపోయి మచ్చలైతయి, రెండు సార్లు తుడవాలె. ఫజర్ అయినంక తొమ్మిది దాకా, మళ్ల అసర్ తర్వాత. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు 12 నుంచి 3 గంటల వరకు ఎండల పని చేయించొద్దని ఇక్కడ కంపెనీలకు రూల్ ఉంది. సొంతంగ చేసుకునేటోనికి "ఆపురా" అని చెప్పేటోడు ఎవ్వడు లేడు. వాడే చెప్పుకోవాలె.

ఇంకోటి, జరుపుడు కిటికీల కింది పట్టాల ఉసికె పేరుకపోయి ఉంటది. అది అందరు ఇడిసిపెడ్తరు. నేను బ్రష్షుతోని తీసి, జాలీ కడిగి పెట్టేది. కిటికీ వేలితో జరిగేసరికి ఇంటామె మొఖంల సంతోషం కనవడేది. దానికి విడిగ పైసలు అడిగితే ఎవ్వరు కాదనలేదు.

ఇట్ల చేసి 900 మిగిలే కాడ 1,300 దాకా మిగిలించిన. తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఇదే నా జవాబు అని చెప్పి ఆపొచ్చు. కాని ఆపితే అబద్ధం చెప్పినట్టు అయితది.

1,300 దగ్గర గోడ తగిలింది. దాని మీదికి పోలేదు. ఎందుకో ఒక విల్లాల తెలిసింది. ఇరవై రెండు కిటికీలు, 350 రియాల్‌కు మాట అయింది. రెండు రోజులు చేసిన. అయినంక ఇంటాయన 150 చేతుల పెట్టి "ఖలాస్, రుహ్" అన్నడు. నేను నిలబడ్డ. ఆయన నా దిక్కు చూసి ఒక్కటే మాట అన్నడు: "ఇకామా చూపెట్టు." నేను బకెటు తీసుకొని బయటికి వచ్చిన.

ఆయనకు తెలుసు. నేను ఫిర్యాదు చేయడానికి పోతే ముందుగల అడిగేది నా కఫీల్ ఎవరు అని. సౌదీ కార్మిక చట్టం 39వ అధికరణ ప్రకారం వేరేవాళ్ల దగ్గర పని చేసుడు ఎట్ల తప్పో, సొంత లెక్కల మీద పని చేసుకునుడు కూడ అట్లనే తప్పు. పట్టుకుంటే జుర్మానా, తర్హీల్. 2013ల నితాకత్ గట్టిగ చేసినప్పుడు గడువు నవంబర్ 3కు అయిపోయింది, ఆ తర్వాత ఎన్ని దినాలు లైటు ఆర్పుకొని కూసున్నమో నాతోని ఉన్నోళ్లకు యాది ఉంటది. 2017 మార్చిల మళ్ల క్షమాభిక్ష, మళ్ల భయం.

అందుకే అంటున్న, మన రేటు తక్కువ ఉండేది మన పని చెడ్డదై కాదు. మన కాగితం బలం లేనిదై. బేరం చేసేటోనికి ఆ సంగతి మనకంటె ముందు తెలుసు. ఇగ దాని మీద మనమే ఒకన్ని చూసి ఒకడు తగ్గిస్తం. ఒకడు 50 అంటే ఇంకోడు 35కు వస్తడు, ఇద్దరు ఒక్క మండలపోళ్లే. ఆ 15 రియాల్ ఎవరి జేబులకు పోయినయి? ఇంటాయన జేబులకు.

దెబ్బ తగిలితే ఇంకా ఘోరం. నిజామాబాద్ దిక్కు పిలగాడు ఒకడు రెండో అంతస్తుల బయటి అద్దం కోసం ఏసీ ఫ్రేము మీద కాలు పెట్టిండు. ఫ్రేము ఊడింది. మడిమె, నడుము పోయినయి. వాని ఇకామా మీద ఇన్సూరెన్సు లేదు, పని ఇచ్చిన ఇంటోళ్లు మాకు సంబంధం లేదన్నరు. రూములన్నీ తిరిగి 6,000 రియాల్ జమ చేసి ఇంటికి పంపినం. ఇంటికాడ మన ప్రవాసీ భారతీయ బీమా ఉంటది, రెండేండ్లకు 275 రూపాయలు, ప్రమాదంల చనిపోయినా, పూర్తిగ పనికిరాకుండ అయినా 10 లక్షలు. వానిది గడువు దాటి ఏడాది అయింది, ఎవ్వడు చూసుకోలేదు. మీది ఈ రాత్రే తీసి తారీఖు చూడుండ్రి. బయటి అద్దానికి పొడుగు కర్ర వాడుండ్రి, కర్ర అందకపోతే ఆ అద్దం మనది కాదు.

2018ల నేను ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకొని ఇంటికి పోయిన. ఆరు నెలలు ఊర్లె ఉన్న, మా ఇంటామె "ఇగ చాలు" అన్నది, అప్పు చాలనియ్యలేదు. లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారా, క్లీనింగ్ కంపెనీ వీజా మీద మళ్ల వచ్చిన. ఎంత చిత్రమంటే కంపెనీ నన్ను మళ్ల మలాజ్‌కే పంపింది. నేను 50కి తుడిచిన ఫ్లాటుకు కంపెనీ 250 బిల్లు ఏసింది. అదే ఇంటామె గొణగకుండ ఇచ్చింది. వైపరు నాదే, చెయ్యి నాదే. తేడా ఏందంటే చేతుల బిల్లు ఉంది, ఛాతి మీద కార్డు ఉంది, అద్దం పగిలితే అడగడానికి ఒక ఆఫీసు ఉంది.

ఆ 200 తేడాల నాకు వాటా కావాలె అని రెండేండ్లు అయినంక ముదీర్‌ను అడిగిన. పాత ఇండ్లు నన్ను చూసి వస్తున్నయి కదా, నేను తెచ్చిన ఇంటి మీద వందకు ఇరవై ఇయ్యి అన్న. నవ్విండు, మూడు నెలలు తిప్పిండు, ఆఖరికి ఒప్పుకొని కాగితం రాసిండు. ఇప్పుడు జీతం 1,500, వాటా నెలకు ఐదారు వందలు, రూము కంపెనీది, ఇన్సూరెన్సు ఉంది. తిండి, ఫోను పోను 1,500 మిగులుతది. ఆజాద్ సేటుగ ఉన్నప్పుడు దాటని గోడ ఇట్ల దాటిన.

కంపెనీలన్నీ మంచియి అని నేను అంటలేను. మూడు నెలలు జీతం ఆపిన కంపెనీలు మీరూ చూసిండ్రు, నేనూ చూసిన. ఇకామా పైసలు, 2018 నుంచి పెరిగిన లెవీ పైసలు జీతంల కోసేటోళ్లు ఉన్నరు. 40వ అధికరణ ప్రకారం ఇకామా, వర్క్ పర్మిట్ ఖర్చు కంపెనీదే. కాని అక్కడ కోత పడితే అడగడానికి నీ పేరు మీద కాంట్రాక్టు ఉంటది. 2021 మార్చి నుంచి ఏడాది నిండినంక కంపెనీ మనిషి కివా ద్వారా వేరే కంపెనీకి మారొచ్చు. ఆ మార్పుల ఇంటి పనోళ్లను, ఇంటి డ్రైవర్లను కలపలేదు, అంటే ఆజాద్‌ల ఎక్కువమంది ఉన్న వీజాలనే ఇడిసిపెట్టిండ్రు.

"అన్నా, సౌదీ పేరు మీద లైసెన్సు తీసి మనమే కంపెనీ నడుపుకుందాం" అని కొందరు అంటరు. దాన్ని తసత్తుర్ అంటరు. 2020ల చేసిన కొత్త చట్టంల దానికి ఐదేండ్ల దాక జైలు, 50 లక్షల రియాల్ దాక జుర్మానా. 2019ల వచ్చిన ప్రీమియం ఇకామా ఉంది, ఏడాదికి లక్ష రియాల్. అద్దాలు తుడిచి అది కట్టేటోడు ఉంటే నాకు ఒకసారి చూపెట్టుండ్రి, వాని కాడ నేనే పనికి చేరుత.

ఇప్పటికే ఆజాద్‌ల ఉన్నోళ్లను నేను తిట్టుతలేను, ఆరేండ్లు నేనూ ఉన్న. కాని ఊర్ల కూసొని వీజా కొందామని చూస్తున్న తమ్ముళ్లకు మీరు ఫోన్ల ఏం చెప్తున్నరో ఒకసారి చూసుకోండ్రి. వచ్చిన 2,100 చెప్పకుండ్రి. మిగిలిన 900 చెప్పుండ్రి, 150 పెట్టి "రుహ్" అన్న ఇంటాయన సంగతి కూడ చెప్పుండ్రి.

రూముకు వచ్చిన తమ్మునికి నోటుబుక్కు ఒకటి ఇచ్చిన. నెల రోజులు గంటలు, పైసలు రాసుకొని మళ్ల రమ్మన్న. మా కంపెనీల ఇద్దరు గ్లాసు పనోళ్లు కావాలె అంటున్నరు, కాని వీజా ఊరి నుంచి రావాలె, వాడు ఎగ్జిట్ కొట్టించుకొని పోవాలె. వాని వీజా అప్పు ఇంకా లక్షా ఇరవై వేలు ఉందట. పోతడా, ఉంటడా, ఇంకా ఏం చెప్పలేదు.