నాలుగు రింగులు, మూడు కొనల చుక్క, ఒక ఈఎమ్ఐ

ముందే చెప్పేస్తున్నా, నేను కార్ల నిపుణుణ్ణి కాను. జావా రాసుకుని బతికేవాణ్ణి. కాకపోతే ఏ వస్తువు కొనాలన్నా ముందు ఎక్సెల్ షీటు తెరిచే జబ్బు ఒకటుంది. ప్రెషర్ కుక్కర్‌కి కూడా షీటు వేశానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది. ఈసారి షీటు కాస్త పెద్దది: యాభై లక్షల అటూఇటూ ఉండే చిన్న లగ్జరీ ఎస్‌యూవీలు.

మా ఆఫీసులో ఏడాదిగా భోజనాల దగ్గర రెండే కబుర్లు. తర్వాత ఎవర్ని తీసేస్తారు, ఇప్పుడు ఎవరు ఏ కారు కొంటున్నారు. ఈ రెండూ ఒకే బల్ల మీద, ఒకే మనుషులు, ఒకే నోటితో ఎలా మాట్లాడుకుంటారో నాకు అర్థం కాదు. అర్థం కాదు అంటూనే నేనూ నాలుగు షోరూములు తిరిగొచ్చాను. :)

సరే, అసలు విషయానికొద్దాం. బరిలో ఉన్నవి ఇవి: ఆడీ క్యూ3 (2022 ఆగస్టులో మనకొచ్చిన రెండో తరం), బీఎండబ్ల్యూ ఎక్స్1 (2023 జనవరిలో వచ్చిన మూడో తరం), మెర్సిడెస్ జీఎల్ఏ (2024 జనవరిలో మెరుగులు దిద్దుకొచ్చింది), 2025 జనవరిలో వచ్చిన కరెంటు కారు బీఎండబ్ల్యూ ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్. వీటితో పాటు లగ్జరీ అన్న పేరు లేకపోయినా అదే ధరలో దొరికే స్కోడా కోడియాక్. వచ్చినప్పటి ఎక్స్-షోరూమ్ ధరలు చూస్తే క్యూ3 44.89 లక్షలు, ఎక్స్1 45.90 లక్షలు, జీఎల్ఏ 50.50 లక్షలు, ఐఎక్స్1 49 లక్షల నుంచి మొదలు. తర్వాత ఇవి పెరిగాయి, జీఎస్టీ మారినప్పుడు తగ్గాయి. అంచేత పైసలతో సహా పోల్చుకోవాలంటే మీరు షోరూముకి వెళ్ళాల్సిందే.

బ్యాడ్జీ కింద ఏముంది?

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది బానెట్ కింద సంగతి. జీఎల్ఏ 200లో ఉన్నది 1.3 లీటర్ల టర్బో పెట్రోలు, 163 హార్స్‌పవర్. ఈ ఇంజను మెర్సిడెస్ వాళ్ళు, రెనో-నిస్సాన్ వాళ్ళు కలిసి తయారుచేసుకున్నది. 2020లో మన దేశంలో డస్టర్‌కి వచ్చిన 1.3 టర్బో కూడా ఈ కుటుంబానిదే. ఇందులో తప్పేమీ లేదు, మంచి ఇంజనే. కానీ ముందు తళతళలాడే మూడు కొనల చుక్క చూసి లోపల ఇంకేదో మహత్తు ఉందనుకునేవాళ్ళకి ఈ సంగతి తెలియాలి.

ఎక్స్1 పెట్రోలుది 1.5 లీటర్లు, మూడు సిలిండర్లు, 136 హార్స్‌పవర్. ముందు చక్రాలే తిరుగుతాయి. మొదటి తరం ఎక్స్1 వెనక చక్రాలతో నడిచేది. రెండో తరం నుంచి మినీ కార్లతో పంచుకునే ముందు చక్రాల ప్లాట్‌ఫారానికి మారిపోయింది. "బీఎండబ్ల్యూ అంటేనే డ్రైవింగ్ మజా" అని పదేళ్ళ క్రితం విన్న మాట పట్టుకుని ఈ పెట్రోలు వెర్షన్ కొంటే, మీరు కొంటున్నది ఆ మాటని, ఆ కారుని కాదు. అదే ఎక్స్1 డీజిల్ అయితే వేరే కథ: 2 లీటర్లు, 150 హార్స్‌పవర్, 360 ఎన్ఎం టార్కు. విజయవాడ హైవే మీద లారీని దాటేటప్పుడు అక్కరకొచ్చేది ఆ టార్కే. పదేళ్ళ తర్వాత డీజిల్ బండి మూలపడుతుందని మనవాళ్ళు భయపెడుతుంటారు గానీ, ఆ పదేళ్ళ లెక్క ఢిల్లీ చుట్టుపక్కల పుట్టింది, హైదరాబాదుది కాదు.

వీటన్నిటిలో పెట్రోలు ఇంజను వరకూ క్యూ3దే పైచేయి. 2 లీటర్లు, 190 హార్స్‌పవర్, 320 ఎన్ఎం, నాలుగు చక్రాలకూ శక్తి. సున్నా నుంచి వందకి కంపెనీ లెక్క 7.3 సెకన్లు. ఎక్స్1 పెట్రోలుకి 9.2. ఓఆర్ఆర్ ఎక్కేటప్పుడు తప్ప గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఈ రెండు సెకన్ల తేడా ఎవరికీ తెలియదు. ఇంకోటి, జర్మనీలో మూడో తరం క్యూ3ని 2025 జూన్‌లోనే చూపించేశారు. రెండో తరం బండిని పాత ధరకి కొనడం అంటే, కొత్త వెర్షన్ రిలీజయ్యాక పాత వెర్షన్‌కి పూర్తి లైసెన్సు ఫీజు కట్టినట్టే. గట్టిగా బేరమాడాలి.

భద్రత విషయంలో వీటి మధ్య కొట్లాట అనవసరం. క్యూ3, ఎక్స్1, జీఎల్ఏ మూడూ యూరో ఎన్‌క్యాప్‌లో ఐదు చుక్కలవే.

నాన్నగారి మోకాళ్ళు

షీటులో లేని కాలమ్ ఒకటి టెస్ట్ డ్రైవ్‌లో బయటపడింది. మా నాన్నగారికి డెబ్భై ఆరు. తెనాలి నుంచి వచ్చి ఉన్నారు, సరదాగా తీసుకెళ్ళాను. వెనక సీట్లో కూర్చోబెట్టి నేను ముందు స్పీకర్లు, తెరలు చూసుకుంటున్నాను. అరగంట తర్వాత దిగేటప్పుడు తలుపు పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించి లేచారు.

"ఎలా ఉంది నాన్నగారూ?" అన్నాను.

"బాగానే ఉందిరా. నీ పాత బండిలో మాత్రం కాళ్ళు కిందకి పెట్టుకుని కుర్చీలో కూర్చున్నట్టుండేది. ఇందులో పీట మీద కూర్చున్నట్టుంది," అన్నారు.

ఏ బండో చెప్పను. నాలుగింటిలోనూ కొంచెం అటూఇటూగా ఇదే సమస్య. ఇవి యూరప్‌లో ఇద్దరు ముందు కూర్చుని, వెనక పిల్లల్ని వేసుకుని తిరగడానికి చేసిన బళ్ళు. మనకేమో వెనక సీటే ముఖ్యం. పండక్కి ఊరెళ్తే వెనక ముగ్గురు, డిక్కీలో ఆవకాయ జాడీలు, బియ్యం మూట. క్యూ3లో వెనక సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది, డిక్కీ 530 లీటర్లు, అది మెచ్చుకోవాలి. ఈ అవసరం పట్టించుకుని చేసింది మాత్రం ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేసే. మామూలు ఎక్స్1 వీల్‌బేసు 2,692 మిల్లీమీటర్లయితే దీనిది 2,800. ఆ పది సెంటీమీటర్ల చిల్లరంతా వెనకాల మోకాళ్ళకే ఇచ్చారు.

కరెంటు బండికి అదే ధర ఎలా?

ఇక్కడ పన్నుల మతలబు ఉంది. 2025 సెప్టెంబరు 22కి ముందు ఈ పెట్రోలు, డీజిల్ బళ్ళ మీద జీఎస్టీ 28 శాతం, దానిపైన సెస్సు, మొత్తం 45 నుంచి 50 శాతం. ఆ రోజు నుంచి సెస్సు తీసేసి 40 శాతం చేశారు. కరెంటు బళ్ళకి ముందూ తర్వాతా 5 శాతమే. పైగా తెలంగాణలో 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2026 డిసెంబరు 31 దాకా కరెంటు బళ్ళకి రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషను ఫీజు లేవు. ఈ ధరల పెట్రోలు బండికి లైఫ్ టాక్సే దాదాపు ఐదో వంతు. అంటే 49 లక్షల బండి మీద తొమ్మిది పది లక్షలు మిగులు. ఐఎక్స్1ని చెన్నైలోనే బిగిస్తున్నారు కాబట్టి దిగుమతి సుంకం బెడద కూడా లేదు. మీరు ఇది చదివేటప్పటికి ఆ గడువు సంగతి మాత్రం ఒకసారి చూసుకోండి.

మరి దాన్నే కొనేయొచ్చు కదా అంటే, బ్యాటరీ 66.4 కిలోవాట్ అవర్లు, కాగితం మీద రేంజి 531 కిలోమీటర్లు. ఏసీ, హైవే వేగం లెక్కలో వేసుకుని నేను మూడొంతులే నమ్ముతాను, అంటే 400. విజయవాడ దాకా బేఫికర్. వెనక్కి రావడానికి మాత్రం ఎక్కడో ఒకచోట ఆగి ఎక్కించుకోవాలి. ఇంట్లో 11 కిలోవాట్ల ఛార్జరైతే ఖాళీ బ్యాటరీ నిండడానికి ఆరు గంటల పైనే పడుతుంది, రాత్రి పెడితే పొద్దున్నకి తయారు. అయితే ఆ ఛార్జరు పెట్టాలంటే సొంత పార్కింగ్ ఉండాలి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోవాలి. అసోసియేషన్ మీటింగులు మీకూ తెలుసు. నీళ్ళ ట్యాంకరు బిల్లు దగ్గరే రెండు గంటలు గడిచిపోతాయి.

బ్యాడ్జీ తీసేస్తే

ఇప్పుడు కోడియాక్. 2025 ఏప్రిల్‌లో 46.89 లక్షలకి వచ్చింది. 2 లీటర్ల టర్బో, 204 హార్స్‌పవర్, 320 ఎన్ఎం, నాలుగు చక్రాల డ్రైవ్, 7 గేర్ల ఆటోమేటిక్. ఈ అంకెలు ఎక్కడో చూసినట్టుంది కదూ? క్యూ3 లాగే ఇదీ ఫోక్స్‌వాగన్ వాళ్ళ కుటుంబమే. రెండింటినీ బిగించేది ఒకే ఊళ్ళో, ఛత్రపతి శంభాజీనగర్‌లో. పైగా కోడియాక్ క్యూ3 కంటే పాతిక సెంటీమీటర్ల పైన పొడుగు. మా భాషలో చెప్పాలంటే బ్యాకెండ్ అదే, ఫ్రంటెండ్ వేరు, సర్వర్ పెద్దది. మా బామ్మర్దికి ఇది చూపిస్తే, "బావా, యాభై లక్షలు పెట్టి స్కోడా కొన్నానని చెప్పుకుంటావా?" అన్నాడు. ఇంజను, చోటు, ధర అన్నీ వదిలేసి అతను అడిగింది ఒక్కటే: చెప్పుకుంటావా అని.

నా అభిప్రాయం అంతా ఆ ప్రశ్న చుట్టూనే. ఈ తరగతి బళ్ళలో మనం కొనేది "చెప్పుకోవడం". అదేమీ పాపం కాదు. చిన్నప్పుడు బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ కాలేజీకెళ్ళినవాడికి తన గేటు ముందు ఆ బొమ్మున్న కారు నిలబడితే ఉండే తృప్తిని నేను ఎగతాళి చెయ్యను, ఆ ఫుట్‌బోర్డు బ్యాచీయే నాదీ. కాకపోతే చెప్పుకోవడానికి ఎంత కడుతున్నామో తెలిసి కట్టాలంటాను.

ఆ "ఎంత" ఎంత?

ఎక్స్-షోరూమ్ 50 లక్షల పెట్రోలు బండి లైఫ్ టాక్సు, ఇన్సూరెన్సు కలిపి రోడ్డెక్కేసరికి 60 లక్షలు దాటుతుంది. 45 లక్షలు లోను, 9 శాతం వడ్డీ, ఐదేళ్ళు అనుకుంటే ఈఎమ్ఐ సుమారు 93,400. అంత కట్టలేమని ఏడేళ్ళకి సాగదీస్తే 72,400. హాయిగా ఉంది కదా? వడ్డీ మాత్రం 11 లక్షల నుంచి దాదాపు 16 లక్షలకి పోతుంది. ఇన్సూరెన్సు వాళ్ళ పట్టిక ప్రకారం బండికి నాలుగేళ్ళు దాటితే విలువలో 50 శాతం కోత, అంటే మీ 50 లక్షల బండి కాగితం మీద 25 లక్షలు. అదే రోజు మీ ఏడేళ్ళ లోనులో ఇంకా 22.8 లక్షలు మిగిలుంటుంది. జర్మనీ బళ్ళకి సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఆ పట్టిక ధరైనా వస్తుందన్న భరోసా లేదు. ఆ రోజు ఉద్యోగం పోయిందనుకోండి, బండి అమ్మితే అప్పు తీరుతుందో లేదో చెప్పలేం.

"నాది లోను కాదు, కంపెనీ కార్ లీజు" అంటారా? పన్ను మిగులుతుంది, నిజమే. ఇంజను 1.6 లీటర్ల లోపా, పైనా అన్నదాన్ని బట్టి పెర్క్ విలువ మారుతుంది. 1.3, 1.5 ఇంజన్ల మీద మనవాళ్ళకి హఠాత్తుగా ప్రేమ పుట్టడానికి ఇదొక కారణం. కానీ లీజు ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. నా పాత సహోద్యోగి ఒకతన్ని ఒక సోమవారం పొద్దున పావుగంట కాల్‌లో పంపించేశారు. లాప్‌టాప్ ఇచ్చేశాడు, బ్యాడ్జీ ఇచ్చేశాడు. కారు మిగిలింది. లీజు మూసెయ్యాలంటే ఒకేసారి కట్టాల్సిన మొత్తం అతని సెవరెన్స్ కంటే ఎక్కువ. కొత్త కంపెనీకి మార్చుకోవచ్చు, కొత్త కంపెనీ అంటూ దొరికితే. ఆ రెండు నెలలూ వాళ్ళింటి ముందు కవరు కప్పి ఉన్న ఆ బండిని చూసినప్పుడల్లా నాకు నా షీటు గుర్తొచ్చేది. అందులో ఆ కాలమ్ లేదు.

ఇప్పుడు పెట్టాను. పేరు "జీతం లేని ఆరు నెలలు". ఇంటి ఈఎమ్ఐ, పిల్లల ఫీజు, ఇంటి ఖర్చు, కారు ఈఎమ్ఐ కలిపి ఆరు నెలలకి సరిపడా డబ్బు, డౌన్ పేమెంటు కట్టిన *తర్వాత* కూడా బ్యాంకులో ఉంటే ఏ బండైనా కొనుక్కోండి. లేకపోతే ఏదీ వద్దు.

టూకీగా నా తీర్పు

సొంత పార్కింగ్, ఛార్జరు పెట్టుకునే వీలు ఉండి, ఎక్కువ తిరుగుడు ఊళ్ళోనే అయితే: ఐఎక్స్1. పెద్దవాళ్ళున్న ఇంటికి ఇదే నా మొదటి ఓటు.

నెలకి రెండుసార్లు హైవే ఎక్కేవాళ్ళయితే: ఎక్స్1 డీజిల్.

నడపడంలో సరదా కావాలి, బేరం బాగా కుదిరింది అంటే: క్యూ3.

జీఎల్ఏ 200: లోపలి అలంకరణ నచ్చి, ధర సంగతి పట్టనివాళ్ళకి. నేనైతే కొనను.

ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు అనుకునే ధీరులకి: కోడియాక్.

ఏది కొన్నా వారంటీ పొడిగింపు తప్పనిసరిగా తీసుకోండి. డిసెంబరు చివరి వారంలో మంచి తగ్గింపు వస్తుంది, కానీ కాగితాల మీద బండి వారంలోనే ఏడాది ముసలిదవుతుంది. తిరిగి అమ్మేటప్పుడు ఆ తేడా కనబడుతుంది.

మరి నేనేం కొన్నాను? ఆ కొత్త కాలమ్‌లో నా అంకె నాలుగు నెలల దగ్గర ఆగింది. అంచేత నా తొమ్మిదేళ్ళ బండికి కొత్త టైర్లు, కొత్త బ్యాటరీ వేయించాను. మొన్న నాన్నగారిని స్టేషన్‌కి దింపితే, ఒక్కసారికే దిగి, పంచె సర్దుకుని, "ఇది బాగానే ఉందిగా, ఎందుకురా అమ్మడం?" అన్నారు. ఆరు నెలల అంకె చేరాక మళ్ళీ షోరూముకి వెళ్తాను. ఈసారి ముందు ఆయన్ని వెనక సీట్లో ఎక్కించి, దిగమని, ఆ తర్వాతే ధర అడుగుతాను.

మీలో ఈ బళ్ళు మూడేళ్ళు దాటి వాడినవాళ్ళుంటే సర్వీసు ఖర్చులు చెప్పండి. షీటులో ఇంకా ఖాళీ కాలమ్స్ ఉన్నాయి. :)