దయ్యం ఖరీదెంత?

చలనచిత్ర నిర్మాతకు దయ్యాన్ని మించిన చౌక నటుడు దొరకడు. జీతం అడగదు, పేచీ పెట్టదు. కొంచెం పొగ, కొంచెం చీకటి, ఒక తెల్లచీర ఉంటే చాలును. అందువల్లనే కాబోలు, చేతిలో డబ్బులేని దర్శకులు ఏ దేశంలోనైనా తరచుగా దయ్యాల కథలతోనే ఓనమాలు దిద్దుకొంటున్నారు. ఇప్పుడు జేబులోని ఫోనే కెమేరా అయినది గనుక, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల విద్యార్థులకు సైతం ఈ విద్య అందుబాటులోకి వచ్చినది. వారు తెలుసుకొనదగిన ఆచార్యుడొకరున్నారు: బి. విఠలాచార్య.

ఆయన 1920లో ఉడుపి సమీపాన ఉద్యావరలో జన్మించినారు. హోటలు నడిపి, టూరింగ్ టాకీసు నడిపి, కన్నడంలో చిత్రాలు తీసి, ఆపైన మద్రాసు చేరినారు. డేరాలో బొమ్మ ఆడించినవాడు గనుక, నేలమీద కూర్చున్న ప్రేక్షకుడు ఎక్కడ ఈల వేస్తాడో, ఎక్కడ బీడీ ముట్టించుకొనడానికి లేచిపోతాడో ఆయనకు పుస్తకాలు చెప్పనక్కరలేదు. 1955లో తెలుగున తీసిన 'కన్యాదానం' సాంఘికమే. తరువాత జానపదాల దారి పట్టినారు. 'బందిపోటు' (1963), 'అగ్గిపిడుగు' (1964) చిత్రాలలో రామారావుగారు నాయకులైనా, ఆచార్యులవారి అనేక చిత్రాలకు కత్తి పట్టినవారు మన కోదాడ ప్రాంతపు గుడిబండవాసి కాంతారావు. నటుడు మొండికేస్తే అతణ్ణి శాపంతో చిలుకగా మార్చి మిగతా కథ నడిపించేవారని ఒక ముచ్చట ప్రచారంలో ఉన్నది. కట్టుకథయే కావచ్చు, అటువంటి కథ పుట్టడమే ఆయన పొదుపుకు ప్రశంసాపత్రం.

ఆనాటి కెమేరా మాయలు నేటి పిల్లలు తప్పక నేర్వదగినవి. నల్లని తెర ముందు మనిషికి మెడవరకు నల్లగుడ్డ చుట్టి నిలబెడితే తల ఒక్కటే గాలిలో తేలుతుంది. కెమేరా ఆపి, నటుణ్ణి తప్పించి, మళ్ళీ తిప్పితే మనిషి మాయమవుతాడు. కటకంలో సగం మూసి చిత్రించి, ఫిల్మును వెనక్కు చుట్టి, రెండవ సగం తెరచి మళ్ళీ చిత్రిస్తే ఒక్కడే ఇద్దరవుతాడు. అన్నిటికీ కావలసినది ఓర్పు. 'జగన్మోహిని' (1978)లో దయ్యం కట్టెలకు బదులు తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. భయమూ నవ్వూ ఒకే పొయ్యిమీద ఉడికిన ఆ దృశ్యాన్ని ఏ కోట్ల ఖర్చూ మించలేదని నా అభిప్రాయం.

ఇవి మూఢనమ్మకాలను పెంచే చిత్రాలనే విమర్శ లేకపోలేదు. కాని విఠలాచార్య దయ్యానికి ఊరూ పేరూ లేవు. అది ఏ మ్యాపులోనూ లేని రాజ్యపు దయ్యం. ఆట ముగిసిన తరువాత ప్రేక్షకుడు ఇంటికి పోయి పొరుగింటి ముసలమ్మను అనుమానించే అవకాశం అందులో లేదు.

నేటి చిన్న చిత్రాల సంగతి వేరు. 2021లో వచ్చిన 'మా ఊరి పొలిమేర' వంటివి తెలంగాణ పల్లెను, తెలంగాణ పలుకును, చేతబడిని కలిపి కథ అల్లినవి. వాటిలోని నేర్పును కాదనను. ఆ భాష తెరమీద వినబడడం సంతోషమే. అయితే చేతబడి మన సీమలో కథ మాత్రమే కాదు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలోనే, మంత్రాలు చేస్తున్నారనే నెపంతో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను పొడిచి చంపినారు. సినిమా చూచి చంపినారని ఎవరూ అనజాలరు. ఆ అనుమానం సినిమాకంటె చాలా పాతది. కాని నిందపడ్డ మనిషిని చివరకు నిజమైన మంత్రగాడుగా చూపించే ప్రతి కథా, ఆ గుంపు చేతిలోని కత్తికి ఒక సాకు అందిస్తుంది. నిర్మాతకు అది అన్నిటికంటె చౌకగా దొరికే భయం. ఖరీదు చెల్లించేవారు వేరొకరు.

ఈ మెలకువ అమెరికాలో జార్జి రొమేరో చూపినారు. 1968లో పెన్సిల్వేనియాలోని ఒక పాత పొలపు ఇంట్లో, చాకొలేటు పాకాన్ని రక్తంగా పోసి, శవాలు లేచి తిరిగే చిత్రం తీసినారు. రాత్రంతా శవాలతో పోరాడి బ్రతికిన నాయకుణ్ణి తెల్లవారి తుపాకులు పట్టిన జీవించి ఉన్న మనుషులే శవమనుకొని కాల్చివేస్తారు. ప్రేక్షకుణ్ణి ఎక్కువగా వణికించేది ఆ తుపాకి దెబ్బే.

అంత దూరం పోనక్కరలేదు. సిరిసిల్లవాసి వేణు ఎల్దండి 2023లో తీసిన 'బలగం'లో దయ్యమే లేదు. చనిపోయిన పెద్దాయనకు పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు, అంతే. ఆ కాకి కోసం ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. పల్లెల్లో పరదాలు కట్టుకొని జనం ఆ చిత్రాన్ని గుంపులుగా చూచినారు. నింద ఒక మనిషి మీదికి పోలేదు. ప్రతివాడూ తన ఇంటివైపే తిరిగి చూచుకొన్నాడు.

ఉపాధ్యాయులు పిల్లలచేత దయ్యాల కథలు మాన్పించవలెనని నేననను. పిల్లలు అవి వ్రాయక మానరు, వ్రాయవలెను కూడా. జగిత్యాల కోట గోడలున్నవి, రాత్రిపూట సిరిసిల్ల మరమగ్గాల చప్పుడున్నది. ఇంతకంటె మంచి సామగ్రి ఏ స్టూడియో ఇవ్వగలదు? కథ ఎటు నిలబడి చెప్పుతున్నారన్నది మాత్రం అడగవలెను. కెమేరాను నింద మోస్తున్నవాని ఇంటిలోపల పెట్టి చూడమనండి. గది ఒకటి, దీపం ఒకటి, నిద్రపోని భార్య, తలుపు గడియ. బయట చెప్పుల చప్పుడు. ముందు ఒకరిది, కొంతసేపటికి పదిమందిది. రేకుల కప్పుమీద మొదటి రాయి పడుతుంది.