అడగనివాళ్లకు జవాబు

చెన్నై పెరంబూరులో ఇంట్లోంచి వ్యాపారం నడుపుకునే ఆడవాళ్లకు ఈమధ్య ఎవరు డిజిటల్ మార్కెటింగ్ పాఠం చెప్పినా మొదట చెప్పేది ఒకటే. ఇన్‌స్టాగ్రామ్‌లో మీ పేజీని ఎవరైనా ఫాలో అయితే మరుక్షణం వాళ్లకు మెసేజ్ వెళ్లిపోవాలి. మీరు నిద్రలో ఉన్నా, పొయ్యి దగ్గరున్నా వెళ్లాలి. "మా కుటుంబంలోకి స్వాగతం, మీ రాక మాకెంతో సంతోషం" అని రాసి, కింద కేటలాగ్ లింకూ, మొదటి ఆర్డరు మీద తగ్గింపూ పెట్టాలి. నెలకింత అని కడితే ఆ పనంతా ఒక టూల్ చూసుకుంటుంది. అలా చెయ్యకపోతే వచ్చిన ఫాలోయర్ చల్లారిపోతారట. మగ్గం వర్క్ చేసేవాళ్లు, పొడులూ పచ్చళ్లూ అమ్మేవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు, ఆఖరికి సాహిత్య సభలు పెట్టుకునేవాళ్లు కూడా దీన్ని మర్యాద అనే నమ్ముతున్నారు. నేను నమ్మను. ఇది కొనేవాళ్ల పట్ల అమర్యాద, చిన్న వ్యాపారికి నష్టం అని నా వాదన.

ఒకరు ఒక పేజీని ఫాలో అయ్యారంటే ఏం చేసినట్టు? ఇక్కడ కొత్తగా ఏది పెట్టినా నాకు చూపించు అని ఇన్‌స్టాగ్రామ్‌కి చెప్పినట్టు. అంతవరకే. పేజీ నడిపే మనిషిని వాళ్లు ఇంకా ఏమీ అడగలేదు. తమ పేరు, ఊరు, అవసరం ఏదీ చెప్పలేదు. మర్యాద అనేవాళ్లు ఇక్కడ ఒక పోలిక తెస్తారు. గుమ్మంలోకి వచ్చినవాళ్లను రండి, కూర్చోండి అనమా అంటారు. తప్పకుండా అనాలి. కానీ గుమ్మంలోకి ఇంకా ఎవరూ రాలేదే! పెరంబూరు హైరోడ్డులో నడిచిపోతూ అద్దాల వెనక చీర చూసి ఒక్క క్షణం ఆగిన ఆవిడ చెయ్యి, లోపలినుంచి పరిగెత్తుకొచ్చి పట్టుకుంటే ఆవిడ మళ్లీ ఆ పక్కన నడవదు.

ఈ తేడాను నాకంటే ముందే గుర్తించినవాళ్లున్నారు. ట్విటర్ పెరిగే రోజుల్లో ఈ పద్ధతి విపరీతంగా పాకింది. ఫాలో కొట్టగానే ఇన్‌బాక్సులో ధన్యవాదాలూ, దానికింద ఒక లింకూ వచ్చిపడేవి. జనం విసిగిపోయారు. 2017లో ట్విటర్ తన ఆటోమేషన్ నియమాలు సవరించినప్పుడు ఈ సంగతి విడమరిచి రాసింది. ఒకరు మిమ్మల్ని ఫాలో అవుతున్నారు కాబట్టి మీ మెసేజ్ వాళ్లకు చేరే వీలుండవచ్చు, అంతమాత్రాన మీ యంత్రం పంపే సందేశాలను వాళ్లు కోరినట్టు కాదు అన్నది దాని సారం. ఇన్‌స్టాగ్రామ్ యజమాని మెటా పెట్టిన మెసేజింగ్ నియమంలోనూ ఉన్నది ఈ ఆలోచనే. మనిషి ముందు పలకరించాలి, ఆ పలకరింపుకు వ్యాపారం 24 గంటల్లోపు జవాబివ్వాలి. ఇప్పుడు ఫాలో అవడాన్నే పలకరింపుగా లెక్కగట్టే ఏర్పాట్లు వచ్చాయి. నా తగవు వాటితోనే.

యంత్రం పలకరింపు ఎక్కడికి పోతుందో చెప్పడానికి పెద్ద సంస్థల అనుభవాలే చాలు. 2013 ఫిబ్రవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్, యూఎస్ ఎయిర్‌వేస్ కలిసిపోతున్నట్టు ప్రకటించాయి. ట్విటర్‌లో మెచ్చుకున్నవాళ్లకూ, నోటికొచ్చినట్టు తిట్టినవాళ్లకూ అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఖాతానుంచి ఒకే జవాబు వెళ్లింది: మీ మద్దతుకు ధన్యవాదాలు. 2014 నవంబరులో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అనే ఫుట్‌బాల్ జట్టుకు ట్విటర్‌లో ఫాలోయర్లు పది లక్షలకు చేరారు. అభిమానుల ఖాతా పేర్లను జెర్సీ బొమ్మ మీద వేసి, వాళ్లకు కృతజ్ఞతలు చెప్పే పని ఆ జట్టు యంత్రానికి అప్పజెప్పింది. నల్లజాతివాళ్లను కించపరిచే బూతుమాట ఉన్న ఒక పేరును కూడా ఆ యంత్రం జెర్సీ మీద వేసి, జట్టు తరఫున లోకానికి చూపించింది. ఆ తర్వాత బొమ్మ తీసేశారు, క్షమాపణ చెప్పారు. అలాంటి సంస్థల్లో క్షమాపణలు రాయడానికే ఒక విభాగం ఉంటుంది. పేపర్ మిల్స్ రోడ్డు పక్క సందులో మేడమీద గదిలో మగ్గం వేసుకున్న అమ్మాయికి ఆ విభాగం ఎక్కడిది? ఆవిడకున్నది ఒక్క పేరు. ఆ పేరు మీదే పని వస్తుంది.

ఆవిడ పని ఎలా సాగుతుందో కాస్త దగ్గర్నుంచి చూడండి. చెన్నైలో మగ్గం వర్క్‌నే ఆరీ వర్క్ అని కూడా అంటారు. ఫ్రేముకు బిగించిన గుడ్డ మీద జర్దోసీ, పూసలు, దారం. మెడకూ చేతులకూ నిండుగా వెయ్యాలంటే రోజులు పడుతుంది. ఒక జాకెట్టు ఒప్పుకోవాలంటే ముందు బోలెడు సంభాషణ జరగాలి. చీర ఫొటో వస్తుంది, ఫొటోలో కనిపించే రంగు అసలు రంగు కాదేమోనని అంచు దగ్గర్నుంచి తీసిన ఇంకో ఫొటో అడగాలి. ఆది జాకెట్టు పంపమనాలి. అది పాతదైతే ఇప్పుడు ఒంటికి సరిపోతుందా లేదా అన్నది నొప్పించకుండా అడగాలి. ముహూర్తం ఎప్పుడో కనుక్కోవాలి. పెళ్లికూతురికా, పెళ్లికూతురి తల్లికా అన్నదాన్ని బట్టి డిజైనూ మారుతుంది, ధరా మారుతుంది. ఈ మాటల్లోనే నమ్మకం కుదురుతుంది. జాకెట్టు చేతికి రాకముందే అడ్వాన్సు ఇచ్చే ధైర్యం కొనేవాళ్లకు వచ్చేది ఇక్కడే. పెద్ద బ్రాండుకు ప్రకటన ఉంది, షోరూము ఉంది, సినిమా తార ఉంది. ఈ అమ్మాయికున్న పెట్టుబడి తనే స్వయంగా జవాబివ్వడం. పలకరింపు యంత్రం తీసుకెళ్లి తాకట్టు పెట్టేది సరిగ్గా ఆ పెట్టుబడినే. అటువైపున్న మనిషికి ఒక్కసారి ఇది యంత్రం అని తెలిసిపోయిందా, ఆ తర్వాత అమ్మాయే కూర్చుని టైపు చేసిన మాటను కూడా అనుమానంగానే చూస్తారు.

ఇంకో నష్టం ఉంది, దీన్ని ఏ పాఠంలోనూ చెప్పరు. స్వాగతం మెసేజ్ చూసి చిరాకుపడినవాళ్లలో చాలామంది గొడవ చెయ్యరు, ఆ సంభాషణను మ్యూట్ చేసి ఊరుకుంటారు. నెల తర్వాత "మీ జాకెట్టు రెడీ అయింది, వచ్చి తీసుకెళ్లండి" అని అమ్మాయి పంపే అసలు మెసేజ్ పడేది ఆ మ్యూట్ చేసిన చోటే. టూల్ చూపించే లెక్కల్లో ఎంతమంది తెరిచారు, ఎంతమంది లింకు నొక్కారు అని ఉంటుంది. ఎంతమంది మొహం తిప్పుకున్నారన్నది ఆ లెక్కకు అందదు. అందని నష్టాన్ని సున్నా కింద రాసుకుని, చూశారా ఎంత లాభమో అంటున్నారు.

ఇక భాష. పెరంబూరులో రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ 1955లో మొదలైంది, రైల్వే వర్క్‌షాపులు అంతకు చాలాముందునుంచే ఉన్నాయి. ఉద్యోగాల కోసం అన్ని వైపులనుంచీ వచ్చి స్థిరపడ్డవాళ్ల పేట ఇది. తమిళం, తెలుగు, ఉర్దూ, హిందీ, ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో ఇంగ్లీషు ఒకే వీధిలో వినిపిస్తాయి. ఇక్కడ కొట్టు పెట్టుకున్న ఎవరికైనా వచ్చిన మనిషిని చూడగానే అక్కా అనాలో, పెద్దమ్మా అనాలో, సార్ అనాలో, ఏ భాషలో అనాలో నోటికి దానంతటదే వస్తుంది. స్వాగతం టూలుకు ఆ విచక్షణ లేదు. రైల్వేలో రిటైరైన పెద్దాయనకూ, పదో తరగతి పిల్లకూ కలిపి "హాయ్ డియర్" అంటుంది. పేరు నింపాల్సిన చోటు ఖాళీగా వదిలేస్తే "హలో ఫస్ట్ నేమ్" అని పంపుతుంది. వయసుకు గౌరవమిచ్చే అలవాటున్న ఇంట్లో దీన్ని పలకరింపు అని ఎవరూ అనుకోరు.

పెరంబూరుకు వ్యాపారి అన్నవాడు ఎలా వినాలో ఒకరు నేర్పనక్కర్లేదు. ఇక్కడి బిన్నీవారి బకింగ్‌హాం, కర్నాటిక్ బట్టల మిల్లులు 1996లో మూతపడ్డాయి. అవి నిండుగా నడిచే రోజుల్లో, మిల్లుల దగ్గర వ్యాపారం చేసుకునే జి. సెల్వపతి చెట్టి, జి. రామానుజులు నాయుడు కార్మికుల గోడు వినేవారు. మధ్యాహ్నం తిండి తినడానికి ఇచ్చే సమయం చాలడం లేదన్నది ఆ గోడులో ముఖ్యమైనది. వాళ్లిద్దరూ విని ఊరుకోలేదు, విన్నదాన్ని జాతీయోద్యమ నాయకుడు బి.పి. వాడియా దగ్గరకు తీసుకెళ్లారు. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. ఈ దేశంలో పద్ధతిగా ఏర్పడిన తొలి కార్మిక సంఘంగా దాన్ని చెప్పుకుంటాం. వచ్చినవాళ్లకు సరుకిచ్చి పంపెయ్యడమే వ్యాపారమని వాళ్లిద్దరూ అనుకుని ఉంటే ఆ సంఘం చరిత్ర మరోలా మొదలయ్యేది. ఈ పేటలో ఇవాళ కొట్లన్నీ ఫోన్లలోకి వెళ్లాయి. వినే పని మాత్రం ఎక్కడికీ పోలేదు. స్వాగతం పంపే టూలుకు చెప్పడమే వచ్చు, వినడం రాదు.

"మాకు తీరిక లేదండీ" అంటారు. ఈ మాటను నేను కొట్టిపారెయ్యను. వేళ్లు సూది మీద ఉండగా, బాణలిలో నూనె కాగుతుండగా ఫోన్ పట్టుకోవడం ఎవరివల్లా కాదు. కానీ తీరిక లేనిది అడిగినవాళ్లకు జవాబివ్వడానికి. అడగనివాళ్లకు జవాబు పంపితే ఆ పని తగ్గదు, పెరుగుతుంది. అడిగినవాళ్ల కోసమైతే నిజాయితీ ఉన్న ఏర్పాట్లు ఉన్నాయి. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో 'అవే మెసేజ్' పెట్టుకోవచ్చు. "ఇప్పుడు పనిలో ఉన్నాను, రాత్రి 8 తర్వాత నేనే చూసి జవాబిస్తాను" అని రాసి, చెప్పిన వేళకు చూస్తే అందులో అబద్ధమేమీ లేదు. ధరలు, ఎన్ని రోజులు పడుతుంది, ఇల్లెక్కడ అన్నవి పేజీ పైభాగంలో పిన్ చేసి పెట్టుకోవచ్చు.

రైల్వే పేట కనుక రైల్వే ఉదాహరణే చెప్తాను. రైల్లో ఇబ్బందిపడి సోషల్ మీడియాలో రాస్తే రైల్వే సేవ ఖాతానుంచి ఇంచుమించు ఒకే వాక్యం వస్తుంది. పీఎన్ఆర్ నంబరు, మొబైల్ నంబరు పంపండి, లేదా 139కి ఫోన్ చెయ్యండి అని. అచ్చుపోసిన మాటే, నాకేమీ అభ్యంతరం లేదు. ప్రయాణికుడు అడిగాడు, బోగీలోకి మనిషిని పంపడానికి ఆ నంబరు కావాలి. ముందే రాసిపెట్టుకున్న మాట కావడం తప్పు కాదు. అవసరం లేనిచోట, ఆప్యాయత అనే వేషంలో రావడమే తప్పు.

తెలుగువాళ్లకు మద్రాసులోనే ఇంకో ఉదాహరణ ఉంది. మాలతీ చందూర్ ఇక్కడ ఉంటూ ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' అనే శీర్షికను దశాబ్దాలపాటు నడిపారు. వంట దగ్గర్నుంచి కాపురంలో కష్టాల దాకా, ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు ఆవిడకు రాసేవారు. ఆవిడ చదివి జవాబిచ్చేవారు. పత్రిక కొన్న ప్రతివారికీ ఆవిడ స్వాగతం రాయలేదు. ఎవరు రాశారో వాళ్ల ఉత్తరానికి తగిన జవాబు రాశారు. అందుకే ఊరూరా ఇళ్లలో ఆవిడను తమ మనిషిగా చూసుకున్నారు. ఆవిడ పోయింది 2013లో. ఆవిడ దగ్గర నేర్చుకోవలసిన చదువు ఈ తరం పేజీలకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు కొత్త ధీమా ఒకటి బయల్దేరింది. ఏఐ వచ్చింది, ఇకమీద ఆ మెసేజ్ మనిషి రాసినట్టే ఉంటుంది, తెలుగులో ఉంటుంది, పేరు పెట్టి పిలుస్తుంది, ఇక ఎవరికీ తెలియదు అని. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రామును లోకానికి పరిచయం చేశారు. మనం అన్న మాటనే కాస్త తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికేమీ తెలియదు. ఆయన దాన్ని తయారుచేస్తుంటే నెలల తరబడి చూసిన సెక్రటరీయే, దానితో కాసేపు మాట్లాడాక, మీరు కొంచెం గది బయటికి వెళ్తారా అని ఆయన్ను అడిగింది. మనసు విప్పే స్వభావం మనుషులది. నమ్మదగ్గ తెలుగులో పలకరిస్తే నమ్మదగ్గ తెలుగులోనే జవాబిస్తారు. "నాన్నకు రైల్వే ఆస్పత్రిలో గుండె ఆపరేషన్, అందుకని పెళ్లి ముందుకు జరిపాం, పది రోజుల్లో జాకెట్టు అవుతుందా అక్కా" అని ఒక పిల్ల రాస్తుంది. అటువైపు అక్క లేదు. యంత్రం దానికీ ఒక తగ్గింపు కూపన్ పంపిందనుకోండి, ఆ పిల్లకు కలిగే చిన్నతనానికి బాధ్యత ఎవరిది? టూల్ అమ్మినవాళ్లు తీసుకోరు. పేజీ మీద ఎవరి పేరుందో వాళ్లదే.

చట్టం కూడా మెల్లగా ఈ దారికే వస్తోంది. వ్యాపార ఎస్ఎంఎస్‌ల విషయంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలు గ్రహీత సమ్మతిని ముఖ్యం చేశాయి. మన సమాచారాన్ని వాడుకోవడానికి తీసుకునే సమ్మతి ఎలా ఉండాలో చెబుతూ 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, అది స్వేచ్ఛగా, ఫలానా పనికి అని తెలిసి, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలంది. చట్టం ఎంతవరకు వర్తిస్తుందన్నది లాయర్లు తేల్చుకుంటారు. ఫాలో బటన్ నొక్కిన మనిషి ఏం కోరారు, ఏం కోరలేదు అన్నది తేల్చుకోవడానికి మనకు లాయరు అక్కర్లేదు.

కాబట్టి పేజీ నడుపుతున్న అమ్మలకూ, అక్కలకూ, సంఘాల కార్యదర్శులకూ నా విన్నపం. ఈ రాత్రి పని ముగిశాక ఆ టూల్ తెరిచి, కొత్త ఫాలోయర్లకు వెళ్లే మెసేజ్‌ను ఆపేయండి. తర్వాత మీ ఇన్‌బాక్సులో కిందికి వెళ్లండి. "ధర ఎంత", "ఆదివారం ఉంటారా", "కారం తక్కువ వేసి ఇస్తారా" అని అడిగి, జవాబు కోసం చూస్తున్నవాళ్లు అక్కడున్నారు. ముందు వాళ్లకు రాయండి.