మూడు మాసముల శిక్షణము, ముప్పదియేండ్ల జీవనము

మూడు మాసములలో ఆసుపత్రిపని నేర్పి యుద్యోగ మిప్పింతుమను ప్రకటనలు మన పట్టణములందు నేడు గోడగోడకును గన్పట్టుచున్నవి. వానిని జూచి వచ్చువా రెవరు? కళాశాలకు బోవు ప్రాయము దాటినవారు. భర్తను గోల్పోయి బిడ్డలను బోషింపవలసిన స్త్రీలు. మగ్గము గిట్టక విడిచిన నేతగాండ్రు. సేద్యము కలిసిరాక పట్నము జేరిన రైతుబిడ్డలు. నాలుగేండ్లు చదువుకొనుటకు వీరికి తీరికయు లేదు, ధనమును లేదు. వీరి యాశను బరిహసించువాడు లోకము నెరుగనివాడు. కావున స్వల్పకాల శిక్షణ ముండవలెనా యనునది ప్రశ్న కాదు. అది వారి నెచ్చటికి గొనిపోవుచున్నదనునదే ప్రశ్న.

కాలము స్వల్పమగుట దానంతట దోషము గాదు. 2005వ సంవత్సరమున జాతీయ గ్రామీణారోగ్య ప్రణాళికతో పుట్టిన ఆశా కార్యకర్తలకు మొదటియేట విధించిన శిక్షణము 23 దినములు మాత్రమే. ఆ పాటి శిక్షణముతోనే పల్లెలలోని గర్భిణులను ఆసుపత్రులకు దోడ్కొనిపోవుటయు, శిశువులకు టీకాలు వేయించుటయు వారి చేతిమీదుగా జరుగుచున్నవి. కరోనా మహమ్మారి విజృంభించినపుడు, 2021 జూన్ 18వ తేదీని, కేంద్రప్రభుత్వము 26 రాష్ట్రములందలి 111 కేంద్రములలో లక్షమందికి బైగా శిక్షణ మొసగ బూనుకొన్నది. ఇంటివద్ద పరిచర్య, ప్రాథమిక పరిచర్య, ఉన్నత పరిచర్య, అత్యవసర పరిచర్య, నమూనాల సేకరణము, వైద్యపరికరముల సంరక్షణము అను నారు పనులను అందు జేర్చిరి. ఆపద మూడినపుడు కొలది మాసములలో మనిషిని పనికి సిద్ధము చేయవచ్చునని ప్రభుత్వమే యొప్పుకొన్నది. ఆపద తీరినపిమ్మట ఆ మనిషి గతి యేమి? ఆశా కార్యకర్తలు కేంద్రప్రభుత్వపు లెక్కలో నేటికిని స్వచ్ఛందసేవికలే గాని యుద్యోగులు గారు. కష్టము శాశ్వతము, పేరు మాత్రము తాత్కాలికము!

ఇక చట్టము సంగతి చూతము. వైద్యానుబంధ వృత్తులవారికై 2021లో పార్లమెంటు ఒక చట్టము జేసినది. రెండు మొదలు నాలుగేండ్ల కాలములో 2,000 గంటలకు దక్కువగాని చదువు చదివి డిప్లొమాగాని పట్టముగాని పొందినవారినే యది అనుబంధ వైద్యవృత్తిలోని వారినిగా గుర్తించును. సహాయక నర్సునకు రెండేండ్ల చదువును, సాధారణ నర్సునకు మూడేండ్ల చదువును గలవు. వారికి రిజిస్టరు కలదు. మూడు మాసములు నేర్చినవారి కీ రెంటిలోను దావు లేదు. రిజిస్టరు లేనివారికి హోదా లేదు. హోదా లేనివారి జీతము యజమాని దయాధర్మము.

ఇంతకంటె ఘోరమగు విషయ మొకటి కలదు. నర్సునకు జీత మియ్యలేని, లేక ఇయ్యనొల్లని చిన్న ఆసుపత్రులు పరిచారికచేతనే సూదిమందు వేయించుచుండుట లోకవిదితము. ప్రమాదము సంభవించినచో, నేర్పని పనిని జేయించిన యజమాని తొలగిపోవును. చేసిన చేయి పట్టుబడును. రోగి ప్రాణమును, బీదరాలి బ్రతుకును ఒక్కమారే పోవును.

పట్టములేనివారు రోగిని దాకనే రాదని కొందఱందురు. ఇది యుక్తముగా దోపదు. మంచమును బట్టిన రోగిని రెండేసి గంటల కొకమారు ప్రక్కకు ద్రిప్పి పడకపుండ్లు పడకుండ గాచుట, స్నానము చేయించుట, మెల్లగా అన్నము దినిపించుట, జ్వరమును గుర్తించి వ్రాయుట, చేతులను శుభ్రముగా గడుగుకొనుట - వీనికి గావలసినవి ఓర్పును, చేతి యలవాటును. అయితే ఆ యలవాటు రోగి మంచముప్రక్క నబ్బవలెను గాని, అంగడిమేడపై బల్లలముందు గూర్చున్న నబ్బదు.

ఈ మార్గమున మనకు బూర్వోదాహరణము లేకపోలేదు. శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసున ఆంధ్రమహిళాసభను స్థాపించి, చదువు తప్పిన స్త్రీలను బరీక్షలకు సిద్ధపఱచినది. 1953లో కేంద్ర సాంఘికసంక్షేమ మండలికి ఆమె ప్రథమాధ్యక్షురాలైనది. 1958లో ఆ మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును బ్రారంభించినది. బడి మానిన స్త్రీని స్వల్పకాలములో బరీక్ష దాటించి, ఉపాధ్యాయినిగనో, నర్సుగనో, గ్రామసేవికగనో తరువాతి శిక్షణమునకు బంపుట దాని యుద్దేశము. ఈ తుదిమాట ముఖ్యము. ఆమె తలపున సంక్షిప్తవిద్య నిచ్చెనలో మొదటి మెట్టు. నేటి ప్రకటనలలో నది మెట్టు గాదు, గోతి.

కావున మేము గోరునవి మూడు. మొదటిది: ప్రతి యోగ్యతాపత్రముపై ఆ మనిషి చేయదగిన పనులును, చేయరాని పనులును స్పష్టముగ వ్రాయబడవలెను, హద్దు మీరించిన యజమానియే శిక్షార్హుడు గావలెను. రెండవది: పనిలోనుండి నేర్చుకొనువానికి యజమాని భృతి నీయవలెనని 1961 నాటి అప్రెంటిసుల చట్టము శాసించినది; ఆ న్యాయము ఆసుపత్రి శిక్షణమునకును బూర్ణముగ జెల్లవలెను. ఇంట బొయ్యి వెలుగనిచో వయోజనుడు చదువలేడు. మూడవది: 2023లో బ్రకటింపబడిన జాతీయ క్రెడిట్ విధానమున 30 గంటల శిక్షణ మొక క్రెడిట్, ఏడాదికి 1,200 గంటలు, 40 క్రెడిట్లు. ఈ లెక్క కాగితముపై మిగులక, నర్సు చదువునకును డిప్లొమాకును పనికివచ్చునట్లు వృత్తిమండలు లంగీకరింపవలెను. విద్యుత్పనివారికిని, కుట్టుపనివారికిని, వాహనచోదకులకును ఇదియే న్యాయము.

చదువరులు చేయదగిన పనియు గలదు. పఠనమందిరములకు వచ్చు మీరు చట్టము జదువగలవారు. ఆ ప్రకటనలను జూచి పోవువారిలో బెక్కండ్రు చదువలేరు. రుసుము చెల్లించుటకు ముందే యీ నాలుగు ప్రశ్న లడుగుడని వారికి దెలుపుడు: ఈ పత్రము నిచ్చువా రెవరు? ఏ ఆసుపత్రిలో, ఎన్ని దినములు పని నేర్పుదురు? దీనిపై నే చదువున కర్హత గలుగును? ఉద్యోగము దొరకనిచో రుసుము మరల నిత్తుమని వ్రాసి యిత్తురా? నోటిమాటకు న్యాయస్థానమున విలువ స్వల్పము, వ్రాతయే రక్ష.

రోగి ప్రాణమును మనము ఏ చేతులకు అప్పగించుచున్నామో, ఆ చేతులకు విద్యయు, కూలియు, గౌరవమును ఒసగుట మన విధి. అది దానము గాదు, ఋణము దీర్చుట.