వకీల్ సాబ్, మీ సంతకం మాకు అమానత్



ఉర్దూ మీడియం బళ్లో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాడికి కోర్టు వరండాలో ఒక తమాషా కనిపిస్తుంది. అక్కడి తెలుగులో సగం మన మాటలే. వకీలు మనదే, వకాల్తా మనదే. దస్తావేజు, జామీను, రాజీనామా, పేషీ అన్నీ మనింట్లోంచి వెళ్లినవే. ఒక్క మాట మాత్రం దారిలో తలకిందులైంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. కాలేజీ రోజుల్లో ఈ సంగతి చెప్పి దోస్తుల్ని నవ్వించేవాణ్ణి. ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు. మా ఆపా ముద్దయీగా కోర్టులోకి వెళ్లి, ముద్దాయిలా తల దించుకుని బయటికొచ్చింది.

ఆపా భర్త గల్ఫ్‌కు వెళ్లాడు. మొదట్లో డబ్బులు పంపేవాడు, తర్వాత మానేశాడు, చివరికి తలాక్ అన్నాడు. ఆపా, చిన్న కొడుకు, ఒక కుట్టుమిషన్ మిగిలారు. మా మొహల్లా ఆడవాళ్లంతా కోర్టు పని అంటే వెళ్లేది ఒక వకీల్ సాబ్ ఆఫీసుకు. కానీ అక్కడ వకీల్ సాబ్ కనిపించరు, మున్షీ సాబ్ కనిపిస్తారు. మనవాడే, మన జబాన్ మాట్లాడతాడు, ఇజ్జత్‌గా కుర్చీ వేస్తాడు. "ఫికర్ నక్కో కరో ఆపా, మై హూఁ నా" అంటాడు.

ఆయన మొదట చెప్పిన మాట: "తలాక్ అయిపోయింది కదా, ఇద్దత్ ఖర్చు తప్ప ఏమీ రాదు." ఆపా నమ్మింది. ఏడాది పోయింది. 2024 జూలై 10న సుప్రీంకోర్టు, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే, తలాకైన ముస్లిం స్త్రీ కూడా 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చని తేల్చింది. ఆ వార్త ఆపాకు చదివి వినిపించింది నేనే. అసలు తలాకైన స్త్రీకి ఇద్దత్ తర్వాతి జీవనానికి కూడా ఏర్పాటు చేయాల్సిన బాధ్యత భర్తదేనని 2001లోనే డానియల్ లతీఫీ కేసులో అదే కోర్టు చెప్పింది. మున్షీ సాబ్ ఇచ్చిన ఖానూనీ మష్వరా ఇరవై ఏళ్లకు పైగా పాతబడిన సరుకు.

ఆపా మళ్లీ అక్కడికే వెళ్లింది. నేనే వెళ్లమన్నాను, నా ఖుసూర్ కూడా ఒప్పుకుంటున్నాను. పన్నెండు వేలు ఇచ్చింది, రసీదు లేదు. ఇంగ్లీషు కాగితాల మీద బాణం గుర్తులు పెట్టినచోటల్లా సంతకం చేసింది. అందులో ఒకటి హలఫ్‌నామా. భరణం కేసుల్లో ఇరువైపులా ఆదాయం, ఆస్తి, ఖర్చు ప్రమాణపూర్వకంగా రాసివ్వాలని 2020 నవంబరులో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ కాగితం అదే. ఆపా తన కుట్టుపని సంగతి మున్షీకి చెప్పింది. ఆయన తల ఊపి, ఆదాయం లేదని రాశాడు. చదివి వినిపించలేదు. నోటరీ బల్ల దగ్గరా ఎవరూ అడగలేదు.

పేషీ రోజు అవతలి వకీలు ఒక్క కాగితం తీశాడు. ఆపా తోడికోడలు రవికలు కుట్టించుకుని ఫోన్‌లో పంపిన డబ్బుల లెక్క. "ఇది మీ ఖాతాయేనా?" "ఔను." "మరి ఆదాయం లేదని ప్రమాణం చేశారే?" ఆపాకు ప్రశ్నే అర్థం కాలేదు. తాను అలా ప్రమాణం చేసినట్టు ఆమెకు తెలియదు. కొడుక్కి ఖర్చు వచ్చింది. ఆమెకు అడిగినదాంట్లో చాలా కోసేశారు. ఆదాయం దాచిందని ఆర్డర్‌లో ఒక వాక్యం కూడా పడింది.

ఇంటికొచ్చి డబ్బుల మాట ఎత్తలేదు. "మై ఝూటీ హూఁ క్యా రే?" అని అడిగింది. ఐదు పూటలా నమాజు చదివే మనిషి. హలఫ్ అంటే ఆమెకు కోర్టు ఫారం కాదు, అల్లాహ్ ముందు మాట.

ఇంకో జుల్మ్ వినండి. భార్యకు కాస్త సంపాదన ఉన్నంత మాత్రాన భరణం ఆగిపోదని అదే 2020 తీర్పులో ఉంది. అంటే నిజం రాసినా ఆపా హక్కు పోయేది కాదు. అవసరమే లేని అబద్ధాన్ని, ఆమెకు తెలియకుండా, ఆమె నోట్లో పెట్టారు.

ఇప్పుడు చాలామంది మున్షీని తిట్టమంటారు. నేను మొదట తిట్టేది ఆయన్ని కాదు, వకీల్ సాబ్‌ని. ఎందుకంటే వకాలత్‌నామా మీద ఉన్న పేరు ఆయనది. 1961 అడ్వకేట్స్ చట్టం 29, 33 సెక్షన్లు వకాలత్ చేసే హక్కు అడ్వకేట్లకే ఇచ్చాయి. 45వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు లేకుండా కోర్టులో ప్రాక్టీసు చేస్తే ఆరు నెలల దాకా ఖైదు. ప్రాక్టీసు అంటే నల్లకోటు వేసుకుని నిలబడటమేనా? కాదు. విదేశీ లా కంపెనీల గురించిన కేసులో 2018 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది: ఖానూనీ రాయ్ ఇవ్వడం, దస్తావేజులు తయారు చేయడం కూడా ప్రాక్టీసులో భాగమే. లండన్ కంపెనీకి వర్తించే హద్దు మా ఊరి వరండాకు వర్తించదా?

బార్ కౌన్సిల్ నియమాలు ఇంకా సూటిగా ఉన్నాయి. హక్కు లేనివాళ్లు వకాలత్ నడిపేందుకు అడ్వకేటు తన పేరు వాడుకోనివ్వకూడదు. దళారుల ద్వారా కేసులు తెచ్చుకోకూడదు. గెలిస్తే ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోకూడదు. యాక్సిడెంట్ క్లెయిముల్లో మన గరీబులతో "వచ్చినదాంట్లో నాలుగో వంతు" అని ఎవరు బేరం చేస్తున్నారో అందరికీ తెలుసు. 2023లో అడ్వకేట్స్ చట్టాన్ని సవరించి దళారుల మీద 45ఎ సెక్షన్ చేర్చారు. జిల్లా జడ్జీలు దళారుల జాబితా తయారు చేసి కోర్టుల్లో వేలాడదీయవచ్చు. విలేకరిగా నేను తిరిగిన కోర్టుల్లో టీ ధరల పట్టిక చూశాను, ఆ జాబితా మాత్రం ఎక్కడా చూడలేదు.

ఇక్కడ ఒక జవాబు వస్తుందని నాకు తెలుసు. "భాయ్‌సాబ్, మున్షీ లేకపోతే మన గరీబ్ ఆడవాళ్లను కోర్టు గుమ్మం ఎక్కించేదెవరు? వకీలుకు టైమ్ లేదు, ఆయన భాష వీళ్లకు రాదు. ఆ మున్షీకి కూడా పిల్లలున్నారు. వకీలు జీతం సరిగా ఇవ్వడు, మువక్కిల్ ఇచ్చేదాంతోనే బతకాలి." ఇందులో ప్రతి మాటా నిజం. ముప్పై ఏళ్లు ఫైళ్లు మోసి, జూనియర్ వకీళ్లకు పని నేర్పి, ఖాళీ చేతులతో ఇంటికి పోయిన గుమాస్తాలు నాకూ తెలుసు.

అందుకే నేను గుమాస్తాని తీసేయమనడం లేదు, ఆయన హద్దు ఆయనకు చెప్పమంటున్నాను. గుమాస్తా అనే మాట ఫార్సీది, నియమించబడినవాడు అని అర్థం. ఆయన్ని నియమించింది వకీలు. వకీల్ అంటే అప్పగించిన పనికి జిమ్మేదార్, ఆయనకు అప్పగించింది మనం. మనం వకీలుకిచ్చిన అమానత్‌ని ఆయన ఇంకొకరి చేతిలో పెట్టి భోజనానికి వెళ్లిపోతే అది ఖియానత్.

మరి గుమాస్తా పనేమిటి? చాలా ఉంది, అది ఇజ్జత్ ఉన్న పని. కాగితాలు వరసగా పెట్టి దాఖలు చేయడం, బ్యాటా కట్టడం, నకళ్లకు దరఖాస్తు పెట్టడం, వాయిదాల డైరీ రాయడం, మువక్కిల్‌కు తారీఖు గుర్తు చేయడం, వకీలు ఇంగ్లీషులో చెప్పింది మన జబాన్‌లో వివరించడం, మువక్కిల్ చెప్పిన కథని వకీలు కోసం రాసిపెట్టడం. చేయకూడనివి నాలుగే. కేసులో ఏం వస్తుందో ఏం రాదో తన నోటితో చెప్పకూడదు. హలఫ్‌నామాలో ఏం రాయాలో తాను నిర్ణయించకూడదు. ఫీజు ఖరారు చేయకూడదు. రాజీ పడమనో, పడొద్దనో చెప్పకూడదు. వకీలు చూడని కాగితం కోర్టుకు వెళ్లకూడదు. ఇంతే హద్దు.

ఇది అసాధ్యమా? సుప్రీంకోర్టులో అడ్వకేట్-ఆన్-రికార్డ్ కావాలంటే రిజిస్టర్ అయిన గుమాస్తాని పెట్టుకుంటానని ఒప్పుకోవాలి. మన పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న అమెరికాలో ఇలాంటి సహాయకుల్ని పారాలీగల్ అంటారు. వాళ్ల పని మీద నిఘా ఉంచాల్సిన జిమ్మేదారీ వకీలుదేనని అక్కడి బార్ అసోసియేషన్ నమూనా నియమాల్లోనే ఉంది. కెనడాలోని ఒంటారియో 2007 నుంచి పారాలీగళ్లకు లైసెన్సు ఇస్తోంది. పరీక్ష రాస్తారు, బీమా కడతారు, చిన్న దావాల కోర్టులో తమ పేరు మీదే నిలబడతారు, తప్పు చేస్తే తామే జవాబు చెబుతారు. మన దగ్గర అధికారమంతా గుమాస్తా చేతిలో, జవాబుదారీ ఎవరి చేతిలోనూ లేదు.

మన దగ్గర పారాలీగల్ అనే పేరుతోనే ఒక ఏర్పాటు ఉంది, మనకే తెలియదు. జాతీయ న్యాయసేవల సంస్థ 2009లో పారాలీగల్ వాలంటీర్ల పథకం తెచ్చింది. మామూలు మనుషులకే తర్ఫీదు ఇచ్చి, జనానికీ న్యాయసేవా సంస్థకూ మధ్య వంతెనగా నిలబెట్టాలని దాని మక్సద్. వాళ్లు వకీళ్లు కారు, మన దగ్గర ఫీజు తీసుకోకూడదు. దరఖాస్తు రాసిస్తారు, ఆఫీసుకు దారి చూపిస్తారు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీ అయితే చాలు, ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో వకీలు దొరుకుతాడు. అంటే మా ఆపా పన్నెండు వేలకు కొనుక్కున్నది, ఖానూన్ ఆమెకు మొదటి రోజు నుంచే ముఫ్త్‌గా ఇచ్చిన హక్కు. ఈ ఒక్క వాక్యం చెప్పేవాడు మా మొహల్లాలో లేకపోయాడు. జర్నలిస్టునైన నేనూ చెప్పలేదు.

అందుకే మన తప్పు కూడా మాట్లాడుకుందాం. మనకు "అప్నా ఆద్మీ" కావాలి. రసీదు అడిగితే ఆయన నారాజ్ అవుతాడని మొహమాటం. పెళ్లిలో డేగ్ లెక్క నాలుగుసార్లు సరిచూస్తాం, హలఫ్‌నామా మాత్రం చదవకుండా సంతకం పెడతాం. డిగ్రీ చదివిన కొడుకు ఇంట్లో ఉన్నా, అమ్మీ ఒంటరిగా కోర్టుకు వెళ్తుంది.

బెహనో, భాయియో, ఇకమీదట ఈ ఐదు పనులు చేయండి. ఒకటి, వకీలుని ముఖాముఖి కలవకుండా వకాలత్‌నామా మీద సంతకం పెట్టవద్దు. ఆయన ఎన్‌రోల్‌మెంట్ నంబరు రాసుకోండి. రెండు, డబ్బు ఇచ్చినచోట వకీలు సంతకంతో రసీదు అడగండి. మూడు, ఏ కాగితమైనా మీకొచ్చిన భాషలో చదివించుకున్నాకే సంతకం, ఖాళీ కాగితం మీద ఎన్నడూ వద్దు. నాలుగు, ప్రతి కాగితం నకలు ఇంట్లో ఉంచండి. ఐదు, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

వకీల్ సాబ్‌లకు నా సవాల్ ఒక్కటే. మీ గుమాస్తా పేరు, ఆయన చేసే పనులు, చేయని పనులు మీ ఆఫీసు గోడ మీద తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టండి. ఆయనకు జీతం మీరివ్వండి, మా కొంగుముడి విప్పించకండి. మీ పేరు మీద జరిగిన తప్పుకు మీరు జవాబివ్వకపోతే, 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాయడం మాకూ నేర్చుకోవాల్సి వస్తుంది. మందలింపు నుంచి సనద్ రద్దు దాకా అక్కడ శిక్షలున్నాయి.

ఆపా ఇప్పుడు న్యాయసేవా సంస్థ ఇచ్చిన వకీలు దగ్గరికి వెళ్తోంది. ఆమె ఒక మహిళా వకీలు. మొదటి రోజే ఆపాను పక్కన కూర్చోబెట్టుకుని, కొత్త హలఫ్‌నామాలో ప్రతి గడీ తెలుగులో చదివి వినిపించారట. కుట్టుపని ఆదాయం దగ్గర ఆగి, "నెలకు ఎంతమ్మా?" అని అడిగారట. ఆపా నెలనెలా లెక్క చెప్పింది. రాసింది రెండుసార్లు చదివించుకుని, బిస్మిల్లా అని సంతకం పెట్టింది.

భరణం పెరుగుతుందో లేదో కోర్టు చెప్పాలి. ఆ సాయంత్రం ఆపా మళ్లీ మిషన్ ముందు కూర్చుని, "ఈసారి నా మాటే రాశారు రే" అంది.

వస్సలాం.