తుపాకులు పోయాయి... బడి మిగిలింది

సర్కారు సొమ్ముతో లక్షల తుపాకులు చేయించి ఒకచోట దాచిపెడితే, చివరికవి ఎవరి చేతికి చిక్కుతాయి? అమెరికాలోని హార్పర్స్ ఫెర్రీ అనే చిన్న ఊరి కథ వింటే ఈ అనుమానం రాక మానదు.

స్వాతంత్ర్య సమరంలో అమెరికన్లు ఫ్రాన్స్ తుపాకుల మీద ఆధారపడ్డారు. ఆ అవస్థ మళ్లీ రాకూడదని 1794లో అక్కడి చట్టసభ సొంత ఆయుధ కర్మాగారాలకు నిధులిచ్చింది. అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఎంచిన చోట్లలో ఒకటి వర్జీనియా కొండల నడుమ పొటోమాక్, షెనాండోవా నదులు కలిసే హార్పర్స్ ఫెర్రీ. యంత్రాలు తిప్పడానికి నీటి ఉరవడి ఉంది, చుట్టుపక్కల ఇనుముంది, శత్రు నౌకలు రాలేవు. పైగా పడమటి సరిహద్దు ప్రాంతాలకు దారి అది. 1796లో 125 ఎకరాలు కొన్నారు. 1803లో పసిఫిక్ తీరానికి దారి వెదకబోయిన మెరివెదర్ లూయిస్‌కు తుపాకులు ఇక్కడివే. అరవై ఏళ్లలో తయారైన ఆయుధాలు ఆరు లక్షల పైమాటే!

అన్ని ఆయుధాలున్న ఊరికి కాపలా మాత్రం అంతంతమాత్రం. 1859 అక్టోబరు 16 రాత్రి జాన్ బ్రౌన్ పట్టుమని పాతికమంది లేని దండుతో వచ్చి దాన్ని పట్టుకున్నాడు. ఆ తుపాకులతో బానిసల విముక్తి పోరు సాగించాలని ఆయన ఆశ. రెండో రోజు కల్లా సర్కారు సేనలు ఆయన్ను బంధించాయి. డిసెంబరు 2న ఉరి తీశారు.

1861 ఏప్రిల్ 17న వర్జీనియా దేశం నుంచి విడిపోవాలని తీర్మానించింది. మర్నాటి రాత్రి కాపలా సైనికులే ఆయుధాగారానికి నిప్పంటించి వెళ్లిపోయారు. దాదాపు 15 వేల తుపాకులు బూడిదయ్యాయి. కాలకుండా మిగిలిన యంత్రాలను దక్షిణాది సేనలు తరలించుకుపోయి, వాటితోనే సర్కారుపై పోరుకు తుపాకులు చేసుకున్నాయి. ఎవరి సొమ్ము... ఎవరి మీద గురి!

కర్మాగారాన్ని మళ్లీ కట్టలేదు. కొండమీద జీతాలు పంచే అధికారి కోసం కట్టిన ఇల్లు మాత్రం మిగిలింది. యుద్ధం ముగిశాక బానిసత్వం నుంచి బయటపడ్డవారికి అందులో బడి పెట్టారు. అదే 1867లో స్టోరర్ కళాశాల అయింది. 1906లో సమాన హక్కులు కోరుతూ డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ బృందం సభ జరిపిందీ ఆ ఆవరణలోనే.

తుపాకుల కోసం పోసిన డబ్బు నీళ్లపాలైంది. దాంతోపాటు కట్టిన ఇల్లు తరతరాలకు చదువు చెప్పింది.